అమెరికాలో మాట్లాడిన స్కానర్ మల్కాజిగిరిలో గుర్రుమంటోంది, రిపేరా ఇంకేమన్నానా?

కిరణ్_మల్కాజిగిరి:

అందరికీ నమస్తే. ఇది ఏ సెక్షన్‌లో అడగాలో అర్థం కాక ఎలక్ట్రానిక్స్ కింద పెడుతున్నా, తప్పైతే మార్చేయండి. కొంచెం పొడుగు పోస్ట్, ఓపిక పట్టండి.

మా నాన్నకి 67. రైల్వేలో టెలిగ్రాఫ్ సిగ్నలర్‌గా చేరి, తర్వాత రకరకాల సీట్లు తిరిగి సికింద్రాబాద్‌లోనే రిటైర్ అయ్యారు. పోయినేడు అమ్మా నాన్నా డల్లాస్ దగ్గర మా అక్క వాళ్లింట్లో ఐదు నెలలు ఉండొచ్చారు. అక్కడి సంగతి తెలిసిందే గదా, కారు లేకపోతే కాలు లేనట్టే. అక్కా బావా ఆఫీసుకి పోయి పిల్లలు స్కూలుకి పోతే అమ్మకి వంటిల్లన్నా ఉంది, ఈయనకి అదీ లేదు, కిటికీ దగ్గర కూర్చుని ఎదురింటాయన గడ్డి కోసుకుంటుంటే చూసేవారట. మూడో వారానికే టికెట్ ముందుకి జరపమని గొడవ. అప్పుడు బావ ఎవరి దగ్గరో సెకండ్ హ్యాండ్‌లో యూనిడెన్ బీసీడీ436హెచ్‌పీ అనే హ్యాండ్‌హెల్డ్ స్కానర్, అంటే పోలీసు, ఫైర్ వాళ్ల వైర్‌లెస్ మాటలు వినే చిన్న రేడియో, తెచ్చి చేతిలో పెట్టాడు.

అంతే, టికెట్ మాట మళ్లీ ఎత్తలేదు. ఆన్ చేసి వాళ్ల జిప్ కోడ్ కొడితే చాలు, ఆ ఊరి ఫైర్ వాళ్లు, అంబులెన్స్ వాళ్లు మాట్లాడుకునేది అంతా వినిపించేదట. రాత్రి భోజనాల దగ్గర ఈయనే వార్తలు చదివేవారు, ఫలానా వీధిలో ఎవరో పొయ్యి మీద గిన్నె పెట్టి మర్చిపోతే రెండు ఇంజన్లు వచ్చాయనీ, ఫలానా ముసలామె ఈ వారంలో రెండోసారి పడిపోయింది పాపం అనీ. పదేళ్లుగా ఇక్కడే ఉన్నా నాకు ఇవేవీ తెలీవు నాన్నా అని అక్క నవ్వేదట.

వచ్చేటప్పుడు ఖాళీ ఊరగాయ సీసాల మధ్య చుట్టుకుని ఆ స్కానర్ కూడా వచ్చేసింది. అసలు తిప్పలు ఇక్కడ మొదలు. మా పిన్ కోడ్ 500047 కొడదామంటే అది ఐదు అంకెలే తీసుకుంటుంది, 50004 దగ్గర ఆగిపోయి ఏదేదో వెతుకుతుంది, ఏమీ దొరకదు. పోనీలే అని నేను సెర్చ్ మోడ్‌లో (తనే ఒక్కో ఫ్రీక్వెన్సీ వెతుక్కుంటూ పోయేది) పెట్టి చూశా, కొన్ని చోట్ల ఆగుతుంది గానీ మాట రాదు, గర్ర్ర్ అని పొలంలో దూరంగా ట్రాక్టర్ పోతున్నట్టు ఒకటే మోత. నాన్న దాన్ని చెవి దగ్గర పెట్టుకుని పావుగంట అట్లాగే కూర్చుంటారు, ఏదో ఒక క్షణంలో మాట వస్తుందేమోనని. చూడలేకపోతున్నాను.

యాంటెనా చిన్నదేమో అని కోఠి గుజరాతీ గల్లీకి పోయి పొడుగ్గా లాగే యాంటెనా, దానికి కన్వర్టర్ పిన్నూ కొనుక్కొచ్చా, 650 బొక్క, తేడా ఏం లేదు. షాపతను సాఫ్ట్‌వేర్ వేయిస్తే అన్నీ ఓపెన్ అయితయి అన్నాడు, నమ్మబుద్ధి కాలేదు.

ఇంకో డౌట్. అక్కడ ఉన్నప్పుడు కూడా హాల్లో కూర్చుంటే మాటలు ముక్కలు ముక్కలుగా, రోబో నీళ్లలో మునిగి మాట్లాడినట్టు వచ్చేవట, గరాజ్‌లోకి పోతే మాత్రం క్లియర్. అందుకని నాన్న కుర్చీ గరాజ్‌లో వేసుకున్నారు. సిగ్నల్ బయట బాగుండాలి గానీ నాలుగు గోడల మధ్య బాగుండటమేంటి? సెట్‌లోనే ఏదో లోపం ఉందా?


ప్లేనో_బాబాయ్:

కిరణ్ గారూ, నేను మీ అక్కగారి పక్క ఊళ్లోనే ఉంటాను లెండి, నా దగ్గరా ఇదే సెట్ ఉంది, కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

ముందు నవ్వుకోండి. అమెరికాలో 50తో మొదలయ్యే జిప్ కోడ్లు అయోవా రాష్ట్రానివి. మీ నాన్నగారి స్కానర్ మల్కాజిగిరిలో కూర్చుని అయోవా మొక్కజొన్న చేలల్లో ఫైరింజన్ కోసం వెతుకుతోంది అన్నమాట. అందులో ఉన్న డేటాబేస్ అమెరికా, కెనడాలదే, మన దేశం అందులో లేనే లేదు.

సెట్ పాడవ్వలేదు. గరాజ్ సంగతి ముందు చెప్తాను, అది అర్థమైతే మిగతాది సులువు. ఇక్కడ పోలీసు, ఫైర్ వాళ్లు ఎక్కువగా వాడేది పీ25 అనే డిజిటల్ పద్ధతి. మామూలు ఎఫ్ఎం వాకీటాకీలో గొంతు గొంతులాగే గాల్లోకి వెళ్తుంది. పీ25లో అలా కాదు, గొంతుని సెకనుకి 50 ముక్కలు కోస్తారు, ఒక్కో ముక్కనీ 88 బిట్లలో రాస్తారు, దారిలో చెడిపోతే సరిచేసుకోడానికి ఇంకో 56 బిట్లు కలిపి పంపిస్తారు. అవతల సెట్ ఆ అంకెలు చూసి గొంతుని మళ్లీ తయారుచేస్తుంది, అంటే మీరు వినేది ఆ ఫైర్‌మాన్ గొంతు కాదు, ఆయన గొంతుకి ఎవరో మిమిక్రీ చేసినట్టు. అంకెలు కొంచెం తప్పితే సర్దుకుంటుంది, ఎక్కువ తప్పితే మీరన్న నీళ్లలో రోబో వస్తుంది, ఇంకా తప్పితే మూగబోతుంది. ఎఫ్ఎంలో లాగ గరగర మధ్యలో మాట ఏరుకోవడం ఉండదు.

ఇప్పుడు అంకెలు ఎందుకు తప్పుతున్నాయి? సిగ్నల్ లేక కాదు, ఎక్కువై. ఇక్కడ కౌంటీ అంతా కవర్ చేయడానికి అయిదారు టవర్లు ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఒకే మాటని ఒకేసారి వదులుతాయి, దీన్ని సైమల్‌కాస్ట్ అంటారు. వినాయక చవితికి ఈ సందులో ఒక మండపం, ఆ సందులో ఒక మండపం, రెండిట్లో ఒకే పాట, మధ్యలో మీరు నిలబడ్డారనుకోండి, ఒక మైకు ముందు, ఒక మైకు అర సెకను వెనక, పాటలో మాట తెలుస్తుందా? అదే. పది కిలోమీటర్ల దూరం తేడా ఉంటే రేడియో అల 33 మైక్రోసెకన్లు ఆలస్యంగా వస్తుంది. పీ25 మొదటి ఫేజ్‌లో ఒక్కో సింబల్ (ఒక్కసారికి పంపే అంకె) నిడివే 208 మైక్రోసెకన్లు, దాంట్లో 33 అంటే ఒక అంకె తోక ఇంకో అంకె తల మీద పడుతున్నట్టే. పోలీసుల దగ్గరుండే అసలు సెట్లు దీన్ని విడదీసుకునేలా కట్టినవి, మన స్కానర్లు అలా కాదు. గరాజ్‌లో తలుపూ గోడలూ కలిసి ఒకట్రెండు టవర్లని అడ్డుకుంటాయి, ఒక్కటే గట్టిగా మిగులుతుంది, అందుకే క్లియర్. మీ నాన్నగారు ఎవరూ చెప్పకుండానే సరైన చోట కుర్చీ వేసుకున్నారు.

దీని మీద ఇక్కడ స్కానర్ వాళ్ల మధ్య ఓ చిట్కా కూడా ఉంది, యాంటెనా పీకేసి దాని చోట పేపర్ క్లిప్ గుచ్చుతారు. జోక్ కాదు, నేనూ చేశాను. సిగ్నల్ తగ్గితే మాట బాగుపడుతుంది. మీరు 650 పెట్టి పెద్ద యాంటెనా కొన్నారు, ఇక్కడ బిగించి ఉంటే ఇంకా చెడిపోయేది. 2018లో యూనిడెన్ వాళ్లే ఎస్‌డీఎస్100 అని తెచ్చారు, అందులో రిసీవర్ పద్ధతే వేరు, సైమల్‌కాస్ట్‌లో కూడా పనిచేస్తుంది, కాకపోతే రేటు చూసి మా ఆవిడ స్కానర్ కావాలో నేను కావాలో తేల్చుకోమంది.


ఎస్‌డీఆర్_సాయి:

బాబాయ్ వినాయక చవితి ఎగ్జాంపుల్ సూపర్ 😂

కిరణ్ అన్నా, ఇక్కడ ఎందుకు రావట్లేదో నేను చెప్తా. నీ స్కానర్‌కి పీ25 వచ్చు, పైసలు కట్టి అప్‌గ్రేడ్ కొంటే డీఎంఆర్ అనే ఇంకో డిజిటల్ పద్ధతి కూడా వస్తుంది. టెట్రా అని మూడో డిజిటల్ పద్ధతి ఉంది, అది మాత్రం ఎంత ఏడ్చినా రాదు. టెట్రా యూరప్ వాళ్ల స్టాండర్డ్, 25 కిలోహెర్ట్జ్ ఒక్క చానెల్‌ని టైం ప్రకారం నాలుగు ముక్కలు చేసి నలుగురికి పంచుతుంది, మోడ్యులేషనే వేరే, మన దేశంలో ఢిల్లీ మెట్రో లాంటి వాటి వైర్‌లెస్ దాని మీదనే నడుస్తుంది. ఒక్కోటి ఒక్కో భాష అన్నమాట. సెట్‌కి సిగ్నల్ అందుతుంది, కానీ ఆ భాష రాదు, అందుకే వచ్చిన బిట్లని వచ్చినట్టే స్పీకర్‌లోకి తోసేస్తుంది, నీకు ట్రాక్టర్ వినిపిస్తుంది. అంటే నువ్వు వింటున్నది డిస్టర్బెన్స్ కాదు, ఎవరిదో డేటా.

ఇంకోటి, ట్రంకింగ్, అంటే కొన్ని ఫ్రీక్వెన్సీలనే చాలా గ్రూపులు పంచుకోవడం. అంకుల్ రైల్వే అన్నావ్ గదా, ఆయనకి ఇట్లా చెప్పు. సికింద్రాబాద్ స్టేషన్‌లో ఫలానా నంబర్ బండి ఫలానా ప్లాట్‌ఫారం మీదికి వస్తుంది అని అనౌన్స్ చేస్తారు, ఆ బండికి సొంత ప్లాట్‌ఫారం ఉండదు, ఏది ఖాళీ ఉంటే అది. ట్రంకింగ్‌లో కంట్రోల్ చానెల్ అంటే ఆ అనౌన్స్‌మెంట్, టాక్‌గ్రూప్ (కలిసి మాట్లాడుకునే ఒక గ్రూపు) అంటే బండి, ఫ్రీక్వెన్సీ అంటే ప్లాట్‌ఫారం. డల్లాస్‌లో స్కానర్ ఆ అనౌన్స్‌మెంట్ వింటూ ఫైర్ వాళ్ల బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తే అక్కడికి ఉరికేది. ఇక్కడ దానికి అనౌన్స్‌మెంటే అర్థం కాదు, ఒక ప్లాట్‌ఫారం మీద నిలబడితే బండి వచ్చినట్టే వచ్చి పోతుంది.

సొల్యూషన్ సింపుల్ అన్నా, ఆర్‌టీఎల్ డాంగిల్ (యూఎస్‌బీకి పెట్టే చిన్న రేడియో రిసీవర్) ఒకటి కొను, ల్యాప్‌టాప్‌కి పెట్టు, డీకోడర్ సాఫ్ట్‌వేర్లు ఫ్రీ, నా రూమ్మేట్ దగ్గర ఉంది


తార్నాక_హామ్:

సాయీ, ఆగు ఆగు. బ్రేక్ వెయ్.

కిరణ్, నేను లైసెన్స్ ఉన్న హామ్‌ని, అంటే హాబీగ రేడియోల మాట్లాడేటోణ్ని, పాతికేళ్లయింది. టెక్నికల్ ముచ్చట వాళ్లిద్దరూ బాగనే చెప్పిన్రు, కానీ అసలు ముచ్చట ఎవ్వరూ ఎత్తుతలేరు. ముందు ఆ స్కానర్‌లో మూడు పెన్సిల్ సెల్లు ఉంటయి, అవి తీసి పక్కన పెట్టు. పెట్టినంక మిగతాది చదువు.

అమెరికాల పోలీసు స్కానర్ వినుడు చాలా మటుకు హాబీ. మన దగ్గర అట్ల కాదు. లైసెన్స్ లేకుండ వైర్‌లెస్ సెట్ దగ్గర ఉంచుకోవద్దన్న రూలు 1933 చట్టం కాడి నుంచి ఉన్నది, 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టంల కూడా రేడియో ఎక్విప్‌మెంట్ పెట్టుకోవాలంటే పర్మిషన్ ఉండాల్నని రాసిన్రు. పర్మిషన్ లేకుండ వేరేటోళ్ల కమ్యూనికేషన్ పట్టి వింటే అదే చట్టం 42వ సెక్షన్ కింద మూడేండ్ల దాక జైలు, రెండు కోట్ల దాక జరిమానా, రెండూ పడొచ్చు. ఆ సెక్షన్ 2024 జూన్ 26 నుంచి నడుస్తున్నది. మేం మాట్లాడుతలేము, ఉత్తగ వింటున్నం అంటే చెల్లది. డాంగిల్‌తోటి విన్నా అంతే, డబ్బా మారితే చట్టం మారది. ఎయిర్‌పోర్ట్ వాళ్లదైనా అంతే.

భయపెడుతున్న అనుకోకు. నీ తానికి ఎవరో వస్తరని కాదు. కానీ 2025 మే నెలల సెంట్రల్ కన్స్యూమర్ ప్రొటెక్షన్ అథారిటీ వాళ్లు వాకీటాకీలు ఇష్టమొచ్చినట్టు అమ్ముతున్నరని ఈకామర్స్ సైట్లకి 13 నోటీసులు కొట్టిన్రు. సైట్ల నుంచి కొన్న బొమ్మ వాకీటాకీ మీదనే ఇంత లొల్లి అయితే, 67 ఏండ్ల పెద్దమనిషి పోలీసుల కోసం సెర్చ్ కొడుతుంటే ఎవరన్న పక్కింటోడు కంప్లైంట్ ఇస్తే ఎట్లుంటదో ఆలోచించు. ఆయన మంచితనం ఎవరికి చెప్తవ్?

ఇంక గుజరాతీ గల్లీ షాపాయన సాఫ్ట్‌వేర్ కథ, నువ్వు నమ్మకపోవుడే మంచిదైంది.


కిరణ్_మల్కాజిగిరి:

సెల్లు తీసేశా అన్నా, చదివిన వెంటనే. నాన్నకి మొత్తం చదివి వినిపించా. చట్టం మాట రాగానే ఆయనే ముందు బీరువాలో పెట్టేయమన్నారు, రైల్వే మనిషి కదా, రూలంటే రూలే. నాకు ఇంతకుముందు ఒక్కరన్నా చెప్పి ఉంటే సూట్‌కేసులో పెట్టనిచ్చేవాణ్ని కాదు.

ఆయనకి ఒక్క డౌట్ ఉందట, ఊరికే తెలుసుకోడానికి. అక్కడ ఫైర్ వాళ్లవి వినిపించేవి గానీ పోలీసులవి కొన్ని చోట్ల స్క్రీన్ మీద ఈఎన్‌సీ అని పడి సైలెంట్ అయిపోయేదట. అది తాళం వేసినట్టా? ఆ తాళం స్కానర్‌తో తీయడం కుదరదా? మా రోజుల్లో కోడ్ బుక్ ఉండేది, ఎవడో ఒకడు బట్టీ పట్టేసేవాడు అంటున్నారు.


ప్లేనో_బాబాయ్:

అది తాళమే. ఈఎన్‌సీ అంటే ఎన్‌క్రిప్షన్, తాళంచెవి లేనివాళ్లకి మాట అర్థం కాకుండా మార్చేయడం. పీ25లో గట్టి తాళం అంటే ఏఈఎస్ అనే లెక్క, తాళంచెవి 256 బిట్లు, బట్టీ పట్టేది కాదు, ఊహించేదీ కాదు, ప్రపంచంలో కంప్యూటర్లన్నీ కలిపి కూర్చోబెట్టినా అయ్యే పని కాదు. స్కానర్ కంపెనీలు తాళం తీసే పని పెట్టుకోవు, ఇక్కడ చట్టమూ ఒప్పుకోదు.

ఈ ఈఎన్‌సీ రోజురోజుకీ ఎక్కువవుతోంది. డెన్వర్ పోలీసులు 2019లోనే మొత్తం మూసేశారు. కాలిఫోర్నియాలో 2020 అక్టోబర్‌లో, జనం పేర్లూ లైసెన్స్ నంబర్లూ గాల్లో వినపడకూడదు అని రాష్ట్రం నుంచి ఆర్డర్ వచ్చాక ఊళ్లకి ఊళ్లు తాళం వేసుకున్నాయి. న్యూయార్క్ వాళ్లు 2023లో బ్రూక్లిన్ నుంచి మొదలుపెట్టారు. పేపర్ల వాళ్లు గొడవ చేస్తున్నారు, మాకు వార్తలెలా తెలుస్తాయి అని. వాళ్ల బాధా నిజమే, కానీ యాక్సిడెంట్ అయినవాడి ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు రేడియోలో చదువుతుంటే నేనే విన్నాను, అది ఊరందరికీ వినపడటం నాకైతే నచ్చలేదు. ఫైర్, అంబులెన్స్ ఇంకా చాలా చోట్ల ఓపెన్‌గానే ఉన్నాయి, ఎందుకంటే పెద్ద మంట వస్తే పక్క ఊరి ఇంజన్ కూడా వచ్చి అదే చానెల్‌లో కలవాలి, అందరి దగ్గరా తాళంచెవి ఉండాలంటే కష్టం.


ఎస్‌డీఆర్_సాయి:

తాళం మాట వచ్చింది కాబట్టి ఒకటి. 2023 జూలైలో నెదర్లాండ్స్‌లో మిడ్‌నైట్ బ్లూ అనే రీసెర్చ్ టీం టెట్రాలో టీఈఏ1 అనే ఎన్‌క్రిప్షన్ గుట్టు బయటపెట్టింది. పేరుకి 80 బిట్ల తాళం, లోపల కావాలనే 32 బిట్లకి కుదించి పెట్టారు, మామూలు ల్యాప్‌టాప్‌తో నిమిషాల్లో తెరుచుకుంటుంది. పాతికేళ్లకి పైగా ఆ లెక్క ఎవరికీ చూపించకుండా దాచారు. అంకుల్ చెప్పిన కోడ్ బుక్ కథే, బట్టీ పట్టేవాడు లేట్‌గా వచ్చాడంతే.

తార్నాక అన్నా, డాంగిల్ మాట వెనక్కి తీసుకుంటున్నా, రూమ్మేట్‌కి కూడా చూపించా నీ పోస్ట్, డ్రాయర్‌లో పెట్టి తాళమేశాడు (256 బిట్లది కాదు).


తార్నాక_హామ్:

సాయీ, మంచి పని.

కిరణ్, ఇప్పుడు అసలు రోగం స్కానర్ కాదు కదా, మీ నాయిన చెవులకి పని లేకపోవుడు. దానికి మందు ఉన్నది.

ఒకటి, ఆ డబ్బాని మీ బావకి తిరిగి చేర్చు, ఎట్ల పంపాల్నో కొరియర్ వాళ్లని ముందే అడుగు, దాన్ని మళ్లీ సూట్‌కేసులో కుక్కకు. బావ దాన్ని ఆయన గరాజ్‌లనే పెట్టి చిన్న కంప్యూటర్‌కి కలిపితే బ్రాడ్‌కాస్టిఫై అనే సైట్‌ల ఆ ఊరి ఫైర్ చానెల్ లైవ్ పెట్టొచ్చు, లేకుంటే ఎవరో ఒకరు అప్పటికే పెట్టి ఉంటరు. అక్కడ ఓపెన్‌గ ఉన్నదాన్ని అక్కడోళ్లే ఇంటర్నెట్‌ల పెడితే నువ్వు ఫోన్‌ల వింటున్నవ్, నీ ఇంట్ల రిసీవర్ లేనే లేదు. కొంచెం లేట్‌గ వస్తది, అంతే.

రెండు, ఇది నాకు ముఖ్యం. మీ నాయిన టెలిగ్రాఫ్ సిగ్నలర్ అని మొదటి పోస్ట్‌ల రాసి ఊకున్నవ్ ఏందయ్యా, అది గద హెడ్డింగ్! మోర్స్ (టెలిగ్రాఫ్ చుక్క, గీతల కోడ్) వచ్చిన మనిషిని ఇంట్ల పెట్టుకుని స్కానర్ అంటవా. హామ్ లైసెన్స్‌కి రిస్ట్రిక్టెడ్ గ్రేడ్, జనరల్ గ్రేడ్ అని రెండు పరీక్షలు, జనరల్‌కి మోర్స్ నిమిషానికి 8 పదాలు అందుకోవాలె, పంపాలె. ఇప్పటి పోరగాళ్లు ఆ 8 దగ్గరనే పడిపోతరు. అప్లికేషన్ సరళ్ సంచార్ పోర్టల్ల. మన దగ్గర సోమాజిగూడ రాజ్‌భవన్ రోడ్డుల నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉన్నది, 1983 నుంచి. 2004 డిసెంబర్‌ల సునామీ వచ్చిననాడు ఈ ఇన్‌స్టిట్యూట్ తరఫున భారతి ప్రసాద్ గారు హామ్ రేడియో కోసమే అండమాన్‌ల ఉండె. ఫోన్లన్నీ పడిపోతే పోర్ట్ బ్లెయిర్ నుంచి ఆమె సెట్ మీదనే కబుర్లు బయటికొచ్చినయి. దొంగగ వినుడు కాదు ఇది, మీ నాయిన పేరు మీద కాల్‌సైన్ (రేడియోల పిలుచుకునే గుర్తింపు పేరు) ఉంటది, ఆయనే మాట్లాడొచ్చు.

పరీక్ష దాక చెవి పాత లెక్కకి రావాలంటే, నెదర్లాండ్స్‌ల ఇంటర్నెట్‌ల మోర్స్ వినే సైట్ ఉన్నది, సాయీ ఆ లింకు ఏదో నువ్వే చెప్పు.


ఎస్‌డీఆర్_సాయి:

ట్వెంటే యూనివర్సిటీ వెబ్‌ఎస్‌డీఆర్. రిసీవర్ వాళ్ల క్యాంపస్‌లో, ట్యూనింగ్ మన ఫోన్‌లో, ఫ్రీ. 7 మెగాహెర్ట్జ్ దగ్గరికి తీసుకుపోయి మోడ్ సీడబ్ల్యూ అని పెట్టాలి, అంతా మోర్సే. మనకి తెల్లవారుజామున వాళ్లకి అర్ధరాత్రి, ఆ టైంకి ఆ బ్యాండ్ ఫుల్ రద్దీ ఉంటుంది.


కిరణ్_మల్కాజిగిరి:

రెండు వారాలకి వస్తున్నా, సారీ, ఆఫీసులో రిలీజ్ ఉండె.

బావ వాళ్ల ఊరి ఫైర్ చానెల్ ఎవరో ముందే పెట్టి ఉన్నారు సైట్‌లో. నాన్న పొద్దున నాలుగున్నరకే లేస్తారు, అప్పుడు అక్కడ సాయంత్రం ఆరు, అందరూ ఆఫీసుల నుంచి ఇళ్లకి పోయే టైం, యాక్సిడెంట్లే యాక్సిడెంట్లు. మొన్న అక్కకి ఫోన్ చేసి మీ ఇంటి వెనక రోడ్డు బ్లాక్ అయింది, అల్లుణ్ని వేరే దారిలో రమ్మను అన్నారు. మల్కాజిగిరి నుంచి. అక్కకి నవ్వాలో ఏడవాలో తెలీలేదు, బావ మాత్రం నిజంగానే వేరే దారిలో వచ్చాడట.

కానీ నిన్న జరిగింది చెప్పాలి. సాయి చెప్పిన సైట్ నా పాత ఫోన్‌లో పెట్టిచ్చా. మొదట ఆయన మొహం చిట్లించారు, మాది టక్కు టక్కుమనే సౌండర్ రా, రెండు టక్కుల మధ్య సందు చూసి చదివేవాళ్లం, ఇదేంటి ఈ కూత, అన్నారు. నేను వదిలేసి స్నానానికి పోయా. వచ్చేసరికి గోడకున్న క్యాలెండర్‌లో పోయిన నెల కాగితం చించి బోర్లా వేసుకుని, కళ్లు మూసుకుని, పెన్సిల్ దానంతటదే కదులుతోంది. కాగితం చూడట్లేదు, ఫోనూ చూడట్లేదు. నేను అడగబోతే ఎడమ చెయ్యి పైకెత్తి ఆగమన్నారు, అట్లా ఆపడం చిన్నప్పుడు ఆయన డ్యూటీలో ఉంటే క్యారియర్ తీసుకుపోయినప్పుడు చూశా, మళ్లీ నిన్ననే. సిగ్నల్ ఆగాక కళ్లు తెరిచి, డా డి డా డి, డా డా డి డా, సీక్యూ అంటున్నాడు రా వీడు, ఎవరైనా ఉన్నారా అని పిలుస్తున్నాడు, ఇటలీ వాడు, చెయ్యి బాగుంది కానీ తొందరెక్కువ, అన్నారు. కాగితం వెనక సగం దాకా అక్షరాలు. అమ్మ వచ్చి ఆ కాగితం మీద పాల లెక్క ఉంది కదా అని కేకలేసింది, అది వేరే సంగతి.

తార్నాక అన్నా, ఆయన పక్కనే కూర్చుని రాయమంటున్నారు, రెండు ప్రశ్నలు. నిమిషానికి 8 పదాలు అంటే మరీ నత్త నడక, మధ్యలో నిద్రొస్తుంది, కొంచెం స్పీడ్‌గా పెట్టమని అడగొచ్చా? రెండోది, పరీక్షలో పెన్సిల్‌తో రాయనిస్తారా, పెన్నే కావాలా? పెన్ను అయితే చెయ్యి ఆగుతుందట.


తార్నాక_హామ్:

పెన్సిల్ సంగతి కనుక్కుని చెప్త. స్పీడ్ పెంచమని మాత్రం అక్కడ అడగొద్దని చెప్పు, పక్కన కూసున్న పోరగాళ్లు ఏడుస్తరు. ఆదివారం పొద్దున ఇంట్లనే ఉంటరా? నా మోర్స్ కీ పట్టుకుని వస్త, పెద్దాయన చెయ్యి ఒకసారి వినాలె.